దొర పెట్టెలో గరగర

ఇప్పుడంటే పెళ్ళికీ, చావుకీ, ఓట్లకీ, ఏమీ తోచనప్పుడూ కూడా బాకాలు కట్టి అరుస్తున్నారు గానీ, ఆ రోజుల్లో మా మార్కాపురం వైపు చప్పుడు అనేది నెయ్యిలాగా పొదుపుగా వాడుకునే సరుకు. మనిషి గొంతు ఎంత దూరం పోతే మాట అంత దూరమే పోయేది. అంతకుమించి పోవాలంటే మనిషే నడిచి పోవాలి. అందుకని గట్టి గొంతు ఉన్నవాడు సగం పెద్దమనిషి కింద లెక్క. మా నాయన అట్లాంటి సగం పెద్దమనిషి. భూమి లేదు, చదువు లేదు, గొంతు ఉంది. మా పాలెం ప్రార్థన మందిరంలో ఆయన పాట ఎత్తుకుంటే గుట్టవార గొర్రెలు కాసేవాళ్ళు రెండో చరణానికల్లా అందుకునేవాళ్ళు. ఊరంతా ఆయన్ను ‘కంచు’ అని పిలిచేది. కంచు కొడుకునైన నన్ను, కొట్టినా మోగని లోహమని, ‘సత్తు’ అని పిలిచేది. (నాకు పాట రాదని అట్లా అన్నారు. ఆ పేరుకు ఇంకా మంచి కారణం తర్వాత నేనే సంపాదించి పెట్టాను.)

అప్పటికి మాది కర్నూలు జిల్లా. దాని మీద మద్రాసు సర్కారు, దాని మీద సముద్రాల అవతల రాజుగారు. ఈ అంతస్తుల్లో ఎవరూ మా పాలెం వాళ్ళకు కనబడేవారు కారు. కనబడేది పలకల కార్ఖానా మేస్త్రి ఒక్కడే. మద్రాసు ప్రెసిడెన్సీలో ఏ పిల్లవాడు ఏ బళ్ళో అక్షరాలు దిద్దినా ఆ పలక మా చేతుల్లోంచి పోయిందేనని గొప్పలు చెప్పుకునేవాళ్ళం (దిద్దడం మాత్రం మాలో చాలామందికి రాదు). రాతిని పొరలుగా చీల్చడం, కొలతకు కోయడం, నున్నగా రుద్దడం, చుట్టూ చెక్క చట్రం బిగించడం, ఇదీ పని. నాయనది కోత. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మీసం, కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ ఒకటే బూడిదరంగు. నీళ్ళు పోసుకోకముందు మా తాత, పోసుకున్న తర్వాత మా నాయన. ఆ దుమ్ము గడప దగ్గర ఆగే మర్యాదస్తురాలు కాదు. అన్నం కుండలోకీ, నీళ్ళ కడవలోకీ, దిండు గలీబుల్లోకీ చుట్టరికం కలుపుకుని వచ్చేది. మా ఇళ్ళల్లో కోడి కంటే ముందు దగ్గు కూసేది.

నన్ను ఆ కోతకు పంపకూడదని నాయన పట్టు. ఎందుకని ఎవరైనా అడిగితే, ‘వానికి చెయ్యి తిరగదు’ అని నా పరువు తీసి కారణం దాచేవాడు. తెలిసినవాళ్ళ కాళ్ళు పట్టుకుని నన్ను మద్రాసులో ఒక రేడియోల దుకాణంలో చేర్పించాడు. ఏడాది ఉన్నాను. చీపురు పట్టాను, దీపం పట్టాను, టీ గ్లాసులు పట్టాను. పని మాత్రం పట్టుబడలేదు. మా ముదలాళి (దుకాణం యజమానిని అక్కడ అట్లా అంటారు) ఒకే ఒక ముక్క నేర్పాడు: ‘చప్పుడు ఎక్కడ పుడుతుందో తెలియాలంటే, ఎక్కడ చస్తుందో చూడు.’ అక్కడ ఇంకొక చిత్రం జరిగింది. మొదటి నెలంతా దుకాణం అటక మీద నాకు నిద్ర పట్టలేదు. ట్రాముల రొదకు కాదు. ఏదో తక్కువైనట్టు, ఏదో ఉండవలసింది లేనట్టు ఉండేది. దిండు లేక అనుకున్నాను. తర్వాత యుద్ధం వచ్చి, బాంబులు పడతాయని మద్రాసు మద్రాసంతా మూటాముల్లె కట్టినప్పుడు నేనూ కట్టి ఇంటికి వచ్చాను. వచ్చిన తొలిరోజే, దిండు లేకుండానే, మొద్దులాగా పడి నిద్రపోయాను. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు. నేను అప్పటికే మెకానిక్కునయి ఉన్నాను.

అయినట్టు నాకు తెలియదు, ఊరు చెప్పింది. మా అయ్యగారు (మందిరం పాస్టరు, మనిషి వెన్న, కాకపోతే ప్రతిదానికీ సైతాను జాడ వెతికేవాడు) నన్ను పిలిచి, మందిరం వెనక గదిలో గోనెపట్టా తీసి ఒక పెట్టెను చూపించాడు. అంతకుముందు మందిరంలో ఉండిన మిషనరీ దొర పల్లెల్లో పాటలకు గిటారు వాయించేవాడు. ఆ గిటారు పదిమందికి వినబడాలని ఆ పెట్టెను ఓడలో తెప్పించుకున్నాడు. లోపల గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతాయి, వెనక మోటారు బ్యాటరీ తగిలించాలి (కరెంటు మా వైపుకు ఇంకా దారి కనుక్కోలేదు), వైరు చివర ఒక బాకా. దేశానికి పోతూ పోతూ దొర గిటారును చంకన పెట్టుకుని, బరువని పెట్టెను మాకు వదిలేశాడు. గిటారు వైరు దూర్చే కన్నంలోనే మైకు వైరు కూడా పడుతుంది.

“రెండు వారాల్లో కోతపండుగ,” అన్నాడు అయ్యగారు. “ఆ పొద్దు ఈ పెట్టె పలకాల. పలికిందంటే, ఆ మర్నాటినుంచి సువార్త బండి వెంట కంభం, గిద్దలూరు, దర్శి అన్ని పక్కలా పోతుంది. దాని వెంట ఒక మనిషి కావాల. ఆ మనిషివి నువ్వే.”

“పలక్కపోతే?”

“పలకల మేస్త్రి నీ కోసం అడిగి పంపినాడు.”

అదీ సంగతి. పెట్టె పలికితే బండి, పలకకపోతే పలక. నాయనకు ఈ మాట చెబితే ఆయన సంతోషం నా ఉద్యోగం దగ్గర ఆగలేదు. కోతపండుగ పాట ఇరవై ఏళ్ళుగా ఎత్తేది ఆయనే గదా. ఈసారి అది బాకాలోంచి పోతుంది.

“మేస్త్రి ఇంటి దాకా ఇనపడుతుందా?” అని అడిగాడు.

“గాలి అటు తిరిగితే కార్ఖానా దాటి పోతుంది.”

“ఇనపడాల,” అన్నాడు నాయన. “ఇరవై ఏండ్లుగా ఆయన మాట నేనింటాండా. ఒక్కసారి నా పాట ఆయన ఇనాల.”

ఆ మర్నాడు నేను బాకాను వేపచెట్టుకు కట్టి, మైకును మందిరంలో పెట్టి, దేవుణ్ణి తలుచుకుని మీట నొక్కాను. పెట్టె పలికింది. నేను దగ్గితే దగ్గింది, నేను ‘హల్లో’ అంటే వేపచెట్టు ‘హల్లో’ అంది, దాని కింద కట్టేసిన మేక తాడు తెంపుకుని పోయింది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గాజులాగా శుభ్రమైన గొంతు. సాయంత్రం నాయన కార్ఖానా నుంచి వచ్చి, నీళ్ళు కూడా పోసుకోకుండా నా పక్కన మైకు దగ్గర చతికిలబడ్డాడు. మళ్ళీ మీట నొక్కాను. బాకాలోంచి గర్‌ర్‌ర్ అని మొదలైంది. రాతిమీద రాయి పెట్టి నెమ్మదిగా రుద్దుతున్నట్టు. కాస్త ఆగడం, చివర సన్నగా ఈల, మళ్ళీ గర్‌ర్‌ర్.

అట్లా పది రోజులు. పగలు నేనొక్కణ్ణే కూర్చుని వాల్వులు ఊడదీసి తుడిచి పెట్టేవాణ్ణి, అతుకులు కాల్చి అతికేవాణ్ణి, ఎర్తు కోసం భూమిలోకి దింపిన ఇనుప ఊచకు కడవలకు కడవలు నీళ్ళు పోసేవాణ్ణి (మా పాలెంలో నీళ్ళు ఎంత దూరం నుంచి వస్తాయో తెలిసిన మా అమ్మ, ఆ ఊచను కోడలిని చూసినట్టు చూసేది). మధ్యాహ్నానికి పెట్టె బంగారం. సాయంత్రానికి గరగర. ‘పొద్దువాలితే చల్లబడి కండెన్సరు ముడుచుకుంటుంది’ అని ఒక శాస్త్రం కనిపెట్టి పెట్టెకు కంబళి కప్పాను. ‘పగలంతా వాడితే బ్యాటరీ నీరసిస్తుంది’ అని రెండో శాస్త్రం కనిపెట్టి, బ్యాటరీని బస్సుల షెడ్డు దాకా నెత్తిన మోసి ఛార్జి ఎక్కించుకుని వచ్చాను. ఆదివారం కార్ఖానాకు సెలవు. ఆ రోజు పొద్దుటినుంచే గరగర మొదలై నా రెండు శాస్త్రాలనూ ఒకేసారి పాతిపెట్టింది.

అయ్యగారు వేళ్ళు మడిచి లెక్క చూశాడు. “మామూలు దినాల్లో సాయంత్రం. ఆదివారం పొద్దంతా. ఒరే అబ్బీ, సరిగ్గా ప్రార్థన వేళలు చూసుకొని వస్తాండాడు. ఇది సైతాను పనే,” అని పెట్టె మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. నాయన కూడా దగ్గరికి జరిగి, తలవంచి, మైకు పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బాకా ఎన్నడూ లేనంత గట్టిగా గరగరలాడింది.

నా సహాయకుడు నాయనే. “మద్రాసులో నువ్వు పట్టినావు గదా దీపం, ఇక్కడ నేను పడతా,” అని రోజంతా రాయి కోసిన చేతులతో లాంతరు పట్టుకుని నా భుజం మీదుగా పెట్టెలోకి వంగి చూసేవాడు.

“ఏంది, ఇంకా ఉందా?”

“ఉంది నాయనా.”

“గిటారు కోసం ఏడుస్తాందేమోరా.”

“పెట్టెలు ఏడవవు.”

“ఏమో. రేపు ఇంకొంచెం దగ్గరగా కూర్చొని ఇంటాలే. నీకు చెవులు చిన్నవి.”

మర్నాడు ఇంకొంచెం దగ్గరగా కూర్చునేవాడు. గరగర ఇంకొంచెం పెరిగేది. నేను తల పట్టుకునేవాణ్ణి. ఆ తలను చూసి ఆయన ఇంకొంచెం దగ్గరికి వచ్చేవాడు.

కోతపండుగ ముందురోజు వచ్చేసింది. మందిరం గోడవారన అప్పుడే గుమ్మడికాయలు, కంది మోపులు, కాళ్ళు కట్టిన కోళ్ళు చేరాయి; తొలి పంట దేవుడికిచ్చి, వేలంలో మళ్ళీ మేమే కొనుక్కోవడం మా పద్ధతి. ఆ సాయంత్రం కాంపౌండరు మామ కూడా వచ్చాడు. మామ అంటే ఊరందరికీ మామే. గిద్దలూరు నుంచి వారానికొకసారి మందుల సంచితో వచ్చేవాడు. డాక్టరు కాడు గానీ గుండె చూసే గొట్టం మెడలోంచి తీసేవాడు కాదు. అన్నానికి కూర్చుంటే చారులో పడకుండా వీపు మీదికి తోసుకునేవాడు. వేపచెట్టు కింద నిలబడి మజ్జిగ తాగుతూ నా అవస్థ చూస్తున్నాడు.

అప్పటికి నా శాస్త్రాలన్నీ అయిపోయి, ముదలాళి చెప్పిన ఒక్క ముక్క మిగిలింది. ఎక్కడ చస్తుందో చూడు. నాయన తుండుగుడ్డ తడిపి, మడతలు పెట్టి, మైకుకు చుట్టాను. గరగర చచ్చింది. గుడ్డ తీశాను. బతికింది. నా ఒళ్ళు పులకరించింది. పెట్టెలో ఏ దోషమూ లేదు. చప్పుడు మైకులోంచి వస్తోంది, అంటే అది ఈ మందిరంలోనే, పెట్టె బయట ఎక్కడో, ప్రాణంతో ఉంది. నేనూ నాయనా వేట మొదలుపెట్టాం. కిటికీ మూల కందిరీగల మట్టిగూడు రాల్చాం. దూలం మీది బల్లిని తరిమాం. వేలం కోళ్ళను బయట పెట్టాం. నాయన చీపురుతో ఆ చివరికి పోతే చప్పుడు తగ్గేది. “పారిపోయినట్టుందిరా,” అని చూడటానికి వచ్చేవాడు. మళ్ళీ మొదలు.

నేను విసిగి బయటికి వచ్చి బాకా కింద నిలబడ్డాను. మామ మజ్జిగ చెంబు కింద పెట్టాడు. బాకాకేసి తల వంచి, కళ్ళు మూసుకుని, చాలాసేపు విన్నాడు.

“ఎన్నాళ్ళయింది ఇది మొదలయి?”

“పది దినాలు మామా.”

“పది దినాలు కాదులేరా,” అన్నాడు. “లోపల ఎవరుండారు?”

“నాయన.”

“ఇంకెవరు?”

“ఎవరూ లేరు.”

“మీ నాయనను ఒక్క నిమిషం ఊపిరి బిగబట్టమను.”

నేను కిటికీలోంచి చెప్పాను. నాయన ఎందుకని అడగలేదు. మెకానిక్కు చెప్పాడు గదా. మైకు ముందు నిటారుగా కూర్చుని, బుగ్గలు నింపుకుని, నాకేసి చూస్తూ బిగబట్టాడు. బాకా నోరు మూసుకుంది. వేపచెట్టు మీద పిచ్చుకలు వినిపించాయి, ఎవరి ఇంట్లోనో రోలు వినిపించింది. ఆయన మొహం ఎర్రబడింది. ఇక ఆపలేక వదిలాడు. మొదట పాలెమంతా వినేటంత దగ్గు, దాని వెనకే గర్‌ర్‌ర్, చివర సన్నటి ఈల.

మద్రాసులో నాకు తక్కువైంది దిండు కాదు.

పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడు పక్కనే పడుకున్నాను. మా ఇంట్లోనే కాదు, ఆ వరసలో ప్రతి ఇంట్లోనూ అదే. గాలి వీచినట్టు, కుండ ఉడికినట్టు, అది మాకు చప్పుడే కాదు. బాకాలోంచి వచ్చేసరికి పాలెం పాలెమంతా ‘ఇదేం రోగం పెట్టెకు’ అని ముక్కున వేలేసుకుంది. ఇంటింటా ఉన్న దాన్ని ఒక్కరూ గుర్తుపట్టలేదు. గిద్దలూరు నుంచి వచ్చిన మనిషి పట్టాడు.

నాయన తుండుతో మొహం తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. “దొరికిందా?”

“దొరికింది బావా,” అన్నాడు మామ.

“యాడుంది?”

మామ గొట్టం చివర ఆయన రొమ్ముకు తాకించాడు. “ఈడ.”

నాయన, గుండీ ఊడిందని ఎవరో చెప్పినట్టు, తల వంచి చూసుకున్నాడు. “ఓ, ఇదా. ఇది చానా ఏండ్ల నుంచి ఉండేదే గదా. మిషను చెడిపోయిందేమోనని నేను ఒకటే బెంగపడినా,” అని, నా వీపు తట్టాడు. “నేను చెప్పలేదా, నీ పని మంచిదేనని.”

“పలక దుమ్ము,” అన్నాడు మామ నాకు. “లోపల పొర మీద పొర పేరుకుంటది. మీ పాలెంలో ఎవరి రొమ్ము మీద గొట్టం పెట్టినా ఇదే పాట. చరణం తేడా అంతే.”

“మందు లేదా?”

“నా సంచిలో ఉండేది దగ్గుకు. దీనికి పని మానడమే.”

“పని మానితే పిల్లోల్లు దేనిమీద రాసుకుంటారు బావా?” అని నాయన నవ్వాడు. మామ నవ్వలేదు. నేను నవ్వాను. పెట్టె బాగున్నందుకు నవ్వాను. (జీవితంలో వెనక్కి తీసుకోవాలనుకున్నవి ఒకటీ రెండూ కావు గానీ, ఆ వరసలో ఈ నవ్వు ముందు నిలబడుతుంది.)

ఇంటికి పోయి అమ్మకు చెబితే, చింతపండు పిసుకుతున్న చెయ్యి ఆపకుండా అంది: “అదా. అది ఇనపడతాంటే మనిషి ఉన్నెట్టు. ఆగితేనే భయం.”

మర్నాడు పండుగ. మందిరం బయట పందిరి వేశారు. అయ్యగారు పెట్టెకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి, “సైతాను పోయినాడా?” అన్నాడు. అంతలో నాయనే ముందుకొచ్చాడు. చలువ చేసిన ధోవతి, నూనె పెట్టి దువ్విన జుట్టు, పొద్దున్నే రెండుసార్లు నీళ్ళు పోసుకున్నా చెవుల దగ్గర కొంచెం బూడిద.

“అయ్యగారూ, మైకు కాడ బడిపంతులును పాడమనండి. నా గొంతుకు బాకా ఏంటికి? నేను ఎనక నిలబడి ఎత్తుకుంటాలే.”

“ఏంది కంచూ, ఇన్నాళ్ళూ దీనికోసమే గదా…”

“పిల్లోని పని పోతాది,” అన్నాడు నాయన, నాకు వినబడదనుకుని. నాకు చెవులు చిన్నవని ఆయన నమ్మకం.

నేను వినలేదన్నట్టు వైరు సర్దుకున్నాను.

బడిపంతులు మంచివాడు. గొంతు మాత్రం పాఠం ఒప్పజెప్పుతున్నట్టు ఉంటుంది. ఆయన మైకులో పాట అందుకున్నాడు. ఒక్క గరగర లేదు. పందిరి చివర, గుమ్మడికాయల అవతల నాయన నిలబడి, తల వెనక్కి వాల్చి, ఎప్పటిలాగే ఎత్తుకున్నాడు. నాకు నోరు ఆడటం కనబడింది. గొంతు కొద్దికొద్దిగా, బాకా సందుల్లోంచి, చేరుతోంది. నా బొటనవేలి కింద చప్పుడు పెంచి తగ్గించే మీట ఉంది. కాస్త తగ్గిస్తే చాలు, ఇరవై ఏళ్ళుగా విన్న ఆ గొంతు జనానికి మళ్ళీ అందేది. అప్పుడే ముందు వరసలో ఒక పెద్దాయన చెవి వెనక చెయ్యి దొప్పలాగా పెట్టుకున్నాడు. పెట్టె సరిగా వినబడటం లేదని అయ్యగారు అనుకుంటాడేమోనని నాకు భయమేసింది. మీట తిప్పాను. పెద్దది చేసే వైపుకు.

నాయన గొంతు ఆ తర్వాత వినబడలేదు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. చివరి చరణం దాకా ఆయన నోరు ఆడుతూనే ఉంది. కంచుకు సత్తు పుట్టిందని ఊరికి ఎప్పుడో తెలుసు. నాకు ఆ పూట తెలిసింది.

“ఒక్క చప్పుడు లేదు,” అని అయ్యగారు జనమందరి ముందు నా తల మీద చెయ్యి పెట్టాడు. ఉద్యోగం వచ్చింది. సోమవారం కార్ఖానాలో మేస్త్రి నాయనను నిలబెట్టి అడిగాడట: “నిన్న మీ పాట మా ఇంటి కాడికి ఇనపడింది కంచూ. బాగుండాది. నువ్వేనా పాడింది?” నాయన అవుననలేదు, కాదనలేదు. “ఆ మిషను మా పిల్లోనిది సామీ,” అన్నాడట. ఈ మాట ఆయనే ఇంటికి వచ్చి చెప్పాడు, పెద్ద బహుమతి తెచ్చినట్టు.

నేను బండెక్కి ఊళ్ళు తిరిగాను. నాయన పలకలు కోశాడు. మరి కొన్నేళ్ళకు ఆ చప్పుడు ఆగింది. ముందు కనిపెట్టింది అమ్మే. ఆ పొద్దు నేను కంభంలో ఎవరో పాడుతుంటే గరగర రాకుండా చూస్తున్నాను.

తర్వాత సొంతంగా దుకాణం పెట్టాను, చేతికి పని పట్టుబడింది, తల కూడా నెరిసింది (ఇప్పుడు నీళ్ళు పోసుకున్నా తాతనే). ఈ కాలపు పిల్లలు గిటార్లు భుజాన వేసుకుని, ఎక్కడెక్కడి పాత వాల్వు పెట్టెలనో మోసుకుని వస్తారు. “అంకుల్, నాయిస్ వస్తోంది” అంటారు. పెట్టె విప్పకముందు నేను అడిగే మొదటి ప్రశ్న, “మోగేటప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారు?” వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. నవ్వు దాచుకోవడం వాళ్ళకు చేతకాదు. ఆ వయసులో నాకూ చేతకాలేదు. అతుకులన్నీ కొత్తగా అతుకుతాను, కండెన్సర్లు మారుస్తాను, తొంభై పాళ్ళు శుభ్రం చేస్తాను. చిట్టచివరి కాస్త గరగరను, చెవి ఆనిస్తే గానీ వినబడనిదాన్ని, అట్లాగే వదిలేస్తాను. “ఇది కూడా పోదా అంకుల్?” అంటే, “అది ఉండాలి నాయనా, అది ఆగితేనే భయం,” అంటాను. ముసలాయనకు చేతకాక అంటున్నాడని వాళ్ళు మెట్లు దిగుతూ చెప్పుకోవడం నాకు వినబడుతుంది. నా చెవులు అంత చిన్నవేం కావు. వాళ్ళన్నదీ కొంత నిజమే గనక, నవ్వుకుని మీట కట్టేస్తాను.